ఆకాశం అందుకున్న చేతితొడుగు

మన పురాణాల్లో భక్తుడు పిలిస్తే దేవుడు వస్తాడు. మొసలి నోట చిక్కిన గజేంద్రుడి కోసం విష్ణువు ఉన్నపళంగా పరుగెత్తాడు, ప్రహ్లాదుడి కోసం స్తంభం చీల్చుకుని వెలువడ్డాడు. పోతన భాగవతం వింటూ పెరిగిన చెవికి దేవుడు రాని కథ భక్తికథలా వినిపించదు. వీరగాథల దారి వేరు. వాటిలో వీరుడు నమ్మినవాడే, నియమం తప్పనివాడే, అయినా నేలకొరుగుతాడు, దేవుడు ఆపడు. పదకొండో శతాబ్దం చివర రూపుదిద్దుకున్న ఫ్రెంచి వీరగాథ ‘రోలాండ్ గీతం’ ఈ చిక్కును సూటిగా మన ముందు పెడుతుంది. చావబోయే భక్తుణ్ని కాపాడని దేవుడు ఆ గాథలో చేస్తున్న పనేమిటి? కొన్ని శతాబ్దాల తర్వాత కెనడాలోని ఫ్రెంచివాళ్ళు తమకూ ఒక రోలాండ్‌ను తయారుచేసుకున్నప్పుడు ఈ ప్రశ్న మళ్ళీ లేచింది, జవాబు మాత్రం మారిపోయింది. నా వాదం ఇది: వీరగాథలో దైవం వీరుణ్ని గెలిపించదు, అతని నిర్ణయం సరైనదని తీర్పూ చెప్పదు, ఓడినవాణ్ని స్వీకరిస్తుంది, అంతే. ఆ పనిని దేవుడి చేతిలోంచి తీసి చరిత్ర చేతిలో పెడితే గాథ నిలవదు.

జరిగిన సంగతి చిన్నది. 778 ఆగస్టు 15న స్పెయిన్ నుంచి తిరిగివస్తున్న ఫ్రాంకుల రాజు షార్లమేన్ సైన్యపు వెనుకదళాన్ని పిరనీస్ కొండల్లో బాస్క్‌లు మాటువేసి చంపారు. షార్లమేన్ జీవితం రాసిన ఐన్‌హార్డ్, చనిపోయినవాళ్ళలో బ్రిటనీ సరిహద్దుల అధికారి రోలాండ్ పేరును ఒక్కమాటలో చెప్పి ఊరుకున్నాడు. శత్రువులు చీకటి చాటున చెదిరిపోయారనీ, పగ తీర్చుకోవడానికి ఎవరూ దొరకలేదనీ కూడా రాశాడు. మూడు వందల ఏళ్ళు గాయకుల నోళ్ళలో నానాక ఆ చిన్న ఓటమి సుమారు నాలుగు వేల పాదాల కావ్యమైంది. అందరికంటే పాత ప్రతి ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. కావ్యంలో బాస్క్‌లు లేరు. వాళ్ళ స్థానంలో నాలుగు లక్షల మంది ముస్లిం సైనికులున్నారు. ఎదురుగా ఇరవై వేల మంది ఫ్రెంచివాళ్ళు. షార్లమేన్‌కు రెండు వందల ఏళ్ళు దాటాయి. సవతి తండ్రి గానెలాన్ శత్రువుతో చేతులు కలిపి రోలాండ్‌ను వెనుకదళంలో ఇరికిస్తాడు. అన్నిటికంటే సొగసైన మార్పు ఇంకొకటుంది. చరిత్రలో చీకటి పడి పగ తీరలేదు కదా, కావ్యంలో షార్లమేన్ ప్రార్థించగానే సూర్యుడు ఆగిపోతాడు, యెహోషువ కోసం ఆగినట్టు. చరిత్ర ఎక్కడ చేతులెత్తేసిందో సరిగ్గా అక్కడే కవి ఆకాశాన్ని కదిలించాడు.

కదిలించాడు సరే, ఎప్పుడు కదిలించాడన్నది చూడాలి. శత్రుసేన కనబడగానే రోలాండ్ స్నేహితుడు ఒలివర్ మూడుసార్లు అడుగుతాడు, దంతపు కొమ్ము ఊదు, రాజు వెనక్కి తిరిగి వస్తాడు అని. మూడుసార్లూ రోలాండ్ కాదంటాడు. సాయం పిలిస్తే తనకూ వంశానికీ అప్రతిష్ఠ అంటాడు. చివరికి అరవై మంది మిగిలాక ఊదుతాడు, ఊదిన ఊపుకు కణతలు పగులుతాయి. శత్రువు కత్తికి చావడు, తన ఊపిరి బలానికే చస్తాడు. ఈలోగా ఫ్రాన్స్‌లో మిట్టమధ్యాహ్నం చీకటి కమ్ముతుంది, పిడుగులు పడతాయి, భూమి కంపిస్తుంది. లోకం ముగిసిపోతోందని జనం బెదిరిపోతారు. అది రోలాండ్ చావుకు ప్రకృతి పెట్టిన శోకమని వాళ్ళకు తెలియదు, కవి మనకు మాత్రమే చెబుతాడు. ఇంత కదిలిన ఆకాశం కనుమ దగ్గర ఒక్క ఈటెను కూడా పక్కకు తప్పించలేదు. రోలాండ్ కత్తి దురండాల్ పిడిలో పేతురు పన్ను, బాసిల్ రక్తం, డెనిస్ వెంట్రుకలు, మరియమ్మ వస్త్రపు ముక్క ఉన్నాయి. అంత పవిత్రమైన కత్తిని శత్రువు పాలు కానివ్వకూడదని బండకేసి కొడితే అది విరగదు. మహిమ ఉండి కూడా అక్కరకు రాలేదు. దేవదారు కింద పడుకుని, స్పెయిన్ వైపు ముఖం తిప్పి, చేసిన పాపాలు ఒప్పుకుంటూ రోలాండ్ చేసే ప్రార్థన ఈ వాదానికంతా ఆయువుపట్టు. లాజరును లేపిన దేవుణ్ని, దానియేలును సింహాల నుంచి కాపాడిన దేవుణ్ని అతను తలుచుకుంటాడు. ఆ ఇద్దరికీ దక్కింది ప్రాణం. రోలాండ్ అడిగేది ప్రాణం కాదు, పాపాల బారి నుంచి ఆత్మను కాపాడమని మాత్రమే. తర్వాత కుడిచేతి తొడుగు తీసి పైకి చాస్తాడు. దేవదూత గబ్రియేలు దాన్ని అందుకుంటాడు.

ఆ కాలపు రాజరికంలో చేతితొడుగు ఇవ్వడమంటే ప్రభువు ఇచ్చిన అధికారాన్ని, భూమిని తిరిగి అప్పగించడం. రోలాండ్ అప్పగించాడు, గబ్రియేలు పుచ్చుకున్నాడు. కొమ్ము ఊదకపోవడం తప్పా ఒప్పా అన్న ప్రశ్నకు దేవదూత నోరు విప్పలేదు. ఒలివర్ చావకముందే ఆ ప్రశ్న వేశాడు, నీ మొండితనం వల్లే ఇంతమంది చచ్చారని ముఖం మీదే అన్నాడు. కవి ఒకణ్ని ధీరుడనీ, ఇంకొకణ్ని వివేకి అనీ చెప్పి ఊరుకుంటాడు, ఎవరి మాట నెగ్గాలో చెప్పడు. వందేళ్ళకు పైగా పండితులు దీనిమీద తగవులాడుతూనే ఉన్నారు: రోలాండ్‌ది విశ్వాసమా, అహంకారమా? ఆ తగవు తేలకపోవడం కావ్యంలో లోపమని నేననుకోను. దేవుడు మనిషిని స్వీకరించడం వేరు, మనిషి చేసిన పనికి ముద్ర వెయ్యడం వేరు. కావ్యం ఈ రెంటినీ కలపకుండా జాగ్రత్తపడింది.

ఇక్కడ గట్టి అభ్యంతరమే వస్తుంది. సూర్యుడు ఆగలేదా? బబులోను నుంచి వచ్చిన బలిగాంతుతో షార్లమేన్ తలపడినప్పుడు గబ్రియేలు దగ్గర నిలబడలేదా? గానెలాన్ విచారణలో బక్కపలచని తియరీ, గానెలాన్ తరఫున నిలిచిన బలశాలి పినబెల్‌ను పడగొట్టడం దైవనిర్ణయం కాదా? నిజమే, ఈ మూడుచోట్లా పైవాడి చెయ్యి ఉంది. కానీ మూడూ రోలాండ్ పోయాక జరిగినవి. మూడూ రాజు కోసం, న్యాయం కోసం జరిగినవి. చనిపోతున్నవాడి కోసం ఒక్కటీ లేదు. పైగా బలిగాంతుతో జరిగిన ద్వంద్వయుద్ధాన్ని నిదానంగా చదవాలి. శిరస్త్రాణం చీలి, నెత్తిమీద అరచేయంత చర్మం ఊడి, షార్లమేన్ తూలిపడబోతాడు. అప్పుడు గబ్రియేలు కత్తి దూయడు, కవచమై అడ్డుపడడు. ఏం చేస్తున్నావు మహారాజా అని అడుగుతాడు, అంతే. ఆ గొంతు విని ముసలాయన సత్తువ కూడదీసుకుని తానే కొడతాడు. సాయం చేసే ఘట్టంలో కూడా దైవం మనిషి పనిని తాను చేసిపెట్టలేదు.

ఈ తీరు తెలుగువాళ్ళకు కొత్తదేం కాదు, గుళ్ళో కంటే ఊరి పొలిమేరలో బాగా కనిపిస్తుంది. పల్నాడులో, రాయలసీమలో, తెలంగాణలో నిలబెట్టిన వీరగల్లులను చూడండి. చాలావాటిలో కింది అరలో పోరు, నడిమి అరలో అప్సరసలు వీరుణ్ని పైకి తీసుకెళ్ళడం, పై అరలో శివలింగం దగ్గర అతను కూర్చోవడం చెక్కి ఉంటుంది. అప్సరసలు కింది అరలోకి దిగిరారు. శిల్పికి ఆ హద్దు బాగా తెలుసు. శ్రీనాథుడి ద్విపదలోకి ఎక్కిన పల్నాటి కథలోనూ అంతే, మాచర్ల చెన్నకేశవుడి భక్తులు కారెంపూడి దగ్గర చచ్చిపోయారు. బ్రహ్మనాయుడు గెలిచి కూడా గుత్తికొండ బిలం దారి పట్టాడని జనం చెప్పుకుంటారు. ఏటా కార్తీక అమావాస్య నుంచి జరిగే తిరునాళ్ళలో వీరాచారవంతులు కొణతాలను తెచ్చి నాగులేరులో కడిగి కొలుస్తారు. ఆ ఆయుధాలు గెలిపించాయని ఎవరూ అనరు. (1757లో బొబ్బిలి కోటను కూల్చిన ఫిరంగులు బుస్సీ తెచ్చిన ఫ్రెంచి ఫిరంగులేనన్నది మరో విచిత్రం. రోలాండ్ వారసులు మనకొక వీరగాథ ఇచ్చిపోయారు, శత్రువు వేషంలో.)

ఇప్పుడు కెనడా. 1660 ఏప్రిల్‌లో, ఇప్పటి మాంట్రియల్ అయిన విల్ మరీ నుంచి ఆదాం డొలార్ దెజోర్మో అనే పాతికేళ్ళ దళనాయకుడు పదహారు మంది ఫ్రెంచివాళ్ళతో ఒటావా నది ఎగువకు బయల్దేరాడు. వేట ముగించుకుని బొచ్చుతోళ్ళతో దిగివచ్చే ఇరోక్వా ఆదివాసులను మాటువేసి పట్టాలన్నది ఆలోచన. అన్నాఒతాహా నాయకత్వంలో నలభై మంది హ్యూరన్లు, మితివెమెగ్ వెంట నలుగురు అల్గోన్‌క్విన్లు వచ్చి కలిశారు. లాంగ్ సో దగ్గర పాడుబడ్డ కర్రకోటలో వాళ్ళను రెండు వందల మంది ఇరోక్వాలు ముట్టడించారు. ఆనక రిషెల్యూ దీవుల నుంచి అయిదు వందల మందికి పైగా వచ్చారు. నీళ్ళు లేవు. హ్యూరన్లలో ఎక్కువమంది అవతలి పక్షంలోని తమ బంధువుల పిలుపు విని గోడ దూకి వెళ్ళిపోయారు. చివర్లో ఫ్రెంచివాళ్ళు విసిరిన మందుగుండు పీపా కొమ్మకు తగిలి కోటలోనే పడి పేలింది. ఫ్రెంచివాళ్ళలో ఎవరూ బతకలేదు. తప్పించుకు వచ్చిన హ్యూరన్లు చెబితేనే ఊరికి సంగతి తెలిసింది. క్వెబెక్ సన్యాసిని మరీ ద లాంకార్నసియోన్ ఆ జూన్‌లోనే తన ఉత్తరంలో రాసింది. జెస్విట్ల నివేదికకూ ఎక్కింది. పన్నెండేళ్ళ తర్వాత మాంట్రియల్ చరిత్ర రాసిన మతగురువు డొలియే ద కసోన్ కథకు నిండుదనం తెచ్చాడు. ప్రయాణానికి ముందు వాళ్ళు పాపాలు ఒప్పుకుని సంస్కారాలు తీసుకున్నారనీ, వీలునామాలు రాశారనీ వచ్చేసరికి రోలాండ్ గీతం అచ్చులో పోసినట్టు కుదిరింది. ఒలివర్ కూడా దొరికాడు! విత్తనాలు చల్లడం అయ్యేదాకా ఆగు, మేమూ వస్తామని లాంబెర్ క్లోస్, షార్ల్ ల మొయిన్ అడిగితే డొలార్ ఆగలేదని డొలియేనే రాశాడు. నాయకత్వం తన చేతుల్లోనే ఉండాలని అతని కోరిక అట. ఫ్రాన్స్‌లో ఏదో మచ్చ పడిందనీ, దాన్ని కడుక్కోవాలనుకున్నాడనీ వినికిడి కూడా చేర్చాడు ఆ నిజాయితీపరుడు.

పంతొమ్మిదో శతాబ్దంలో, బ్రిటిష్ పాలన కింద, ఈ కథకు రెక్కలొచ్చాయి. ఫాయోన్ లాంటి మతచరిత్రకారులు దాన్ని బలిదానంగా మలిచారు. 1919లో మతగురువు లియోనెల్ గ్రూ డొలార్ తిరిగివస్తే ఏమవుతుందంటూ ప్రసంగించి ఒక తరాన్ని ఊపేశాడు. 1920లో లా ఫొంటేన్ పార్కులో ఆల్ఫ్రెడ్ లాలిబెర్తె చెక్కిన స్మారకం నిలబడింది. మే 24న విక్టోరియా రాణి పండుగకు పోటీగా డొలార్ పండుగ మొదలైంది. అంతకుముందే మొదటి ప్రపంచయుద్ధపు సైనిక భర్తీ పోస్టర్ల మీద కూడా అతని పేరుంది: డొలార్‌లా ఎదురెళ్ళి పోరాడండి అని. నిర్బంధ సైనికభర్తీని ఎదిరించే జాతీయవాదులకూ, సైన్యంలో చేరమనే సామ్రాజ్యానికీ వీరుడు ఒక్కడే కావడం వినోదమే. అయితే అందరూ కలిసి ఒక మార్పు చేశారు, అది ఎవరి దృష్టికీ పెద్దగా వచ్చినట్టు లేదు. గబ్రియేలు మాయమయ్యాడు. అతను నిలబడాల్సిన చోట ఫలితాన్ని నిలబెట్టారు: పదిహేడు మంది ప్రాణాలిచ్చారు కాబట్టి ఇరోక్వా సైన్యం వెనుదిరిగింది, ఫ్రెంచి కాలనీ న్యూ ఫ్రాన్స్ బతికిపోయింది అని. దేవుడు తొడుగు అందుకున్నాడని కాదు, లెక్క తేలిందని.

లెక్క అన్నాక సరిచూసేవాడు వస్తాడు. 1932లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయపు చరిత్రకారుడు ఇ. ఆర్. అడేర్ పాత కాగితాలన్నీ వరసగా పెట్టి, కాలనీని కాపాడిన ఘనత డొలార్‌కు దక్కదని వాదించాడు. గ్రూ అదే ఏడాది పుస్తకంతో ఎదురుతిరిగాడు. అడేర్ పక్షానికి బలమైన ఆధారం ఆ పోరు తర్వాతి ఏళ్ళలోనే ఉంది: 1661లో ఇరోక్వాలు మాంట్రియల్ మీద మళ్ళీ పడ్డారు, ఆగమని సలహా ఇచ్చిన క్లోస్ 1662 ఫిబ్రవరిలో వాళ్ళ చేతుల్లోనే చచ్చాడు, 1665లో ఫ్రాన్స్ నుంచి కరీన్యాన్ సాలియేర్ పటాలం దిగేదాకా ఊరికి నిద్ర లేదు. 1960ల తర్వాత డొలార్ మీద విమర్శ ఇంకా పదునెక్కింది. 2003 నుంచి క్వెబెక్‌లో ఆ సెలవు రోజు 1837-38 తిరుగుబాటుదారుల పేరు పెట్టుకుంది. మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో బోధించిన మధ్యయుగ పండితుడు పాల్ జూంతోర్, పాడినప్పుడల్లా కదిలేదే ఆ కాలపు పాఠమని చూపాడు. అది గుర్తు పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. పాటగాడు బాస్క్‌లను మార్చాడు, సూర్యుణ్ని ఆపాడు, కానీ నేను చెప్పేది నిరూపిస్తానని అనలేదు. గ్రూ నిరూపిస్తానని అన్నాడు, పాదసూచికలతో సహా.

హేతువాది ఇక్కడ నవ్వవచ్చు. సరిచూడ్డానికి వీలున్న మాట సరిచూడ్డానికి వీలులేని మాటకంటే మేలు కదా, దేవదూతను అడ్డం పెట్టుకుని పరీక్ష తప్పించుకోవడాన్ని నిజాయితీ అంటారా అని. మంచి ప్రశ్నే. నా జవాబు, దేవదూత ఉన్నాడని కాదు. వీరుడి విలువను అతని చావు తెచ్చిన లాభంతో కొలిస్తే, లాభం లేదని తేలిన రోజు ఆ మనిషే అనవసరమైపోతాడు. డొలార్‌కు పట్టిన గతి అదే. అతను తొందరపడ్డాడా, పేరు కోసం వెళ్ళాడా, అయినా దాహంతో ఆ కర్రగోడ వెనక వారం పాటు నిలబడ్డాడా అన్న మూడు సంగతులనూ కలిపి మోసే చోటు ఫలితాల లెక్కలో లేదు. రోలాండ్ గీతంలో ఆ చోటు ఉంది. తప్పు చేసిన రోలాండే, ఒప్పుకున్న రోలాండే, స్వీకారం పొందిన రోలాండే. కథ చెప్పినవాళ్ళలో డొలియే ఒక్కడే దానికి దగ్గరగా వచ్చాడు, మచ్చను దాచకుండా మొక్కాడు కాబట్టి. కాథలిక్ సంఘానికి కూడా ఈ తేడా తెలుసనే అనిపిస్తుంది. 1930లో పోపు పదకొండో పయస్ పునీతులుగా ప్రకటించిన కెనడా హతసాక్షుల్లో, 1649లో సెయింట్ ఇగ్నేస్‌లో చిత్రహింసలతో చంపబడ్డ జాన్ ద బ్రెబెఫ్ ఉన్నాడు, డొలార్ లేడు. మెథడిస్టు నేపథ్యం నుంచి వచ్చిన కవి ఇ. జె. ప్రాట్ 1940లో బ్రెబెఫ్ మీద దీర్ఘకావ్యం రాస్తూ, చంపినవాళ్ళు అతని ధైర్యాన్ని రక్తంలో, గుండెలో వెతికినా దొరకలేదనీ, దాని ఊట సిలువ దగ్గర ఉందనీ చూపించాడు. రోలాండ్ చస్తూ తన వంశాన్ని తలుచుకున్నాడు, ప్రాట్ బ్రెబెఫ్‌కు వంశం అక్కర్లేదు. కత్తి పట్టిన భక్తుడికీ పట్టని భక్తుడికీ మధ్య దూరం అది.

ఇంతకంటే కష్టమైన ఆక్షేపణ ఇంకొకటి మిగిలింది. స్వీకరించే దేవుడి గురించి ఇంత చెబుతున్నావు, ఆ దేవుడు ఒక పక్షాన్నే స్వీకరించాడు కదా? రోలాండ్ గీతంలో ముస్లింలు విగ్రహాలు పూజిస్తారు. అంతకు మించిన అబద్ధం ఉండదు. వాళ్ళు చస్తే వాళ్ళ ఆత్మలను దయ్యాలు ఈడ్చుకుపోతాయి. సారగోసాలో లక్ష మందికి పైగా కత్తి భయంతో బాప్తిస్మం తీసుకుంటారు. క్రైస్తవులైన బాస్క్‌లను తీసేసి వీళ్ళను తెచ్చి పెట్టింది యుద్ధానికి కావలసిన పగ కోసమే. దీన్ని నేను సమర్థించలేను, సమర్థించే ప్రయత్నమూ చెయ్యను. రాణి బ్రామిమోండ్‌ను మాత్రం బలవంతం లేకుండా, బోధ విని మనసు మారాకే కలుపుకున్నారన్న చిన్న సందు ఒకటి ఉంది. అది చాలదు. కెనడాలో ఈ జబ్బు ఇంకా ముదిరింది. గ్రూ తరం చెప్పిన కథలో వీరులు పదిహేడు మందే. చివరిదాకా కోట వదలని అన్నాఒతాహా, మితివెమెగ్‌తో వచ్చిన అల్గోన్‌క్విన్లు పక్కకు జరిగారు, వెళ్ళిపోయిన హ్యూరన్లు మాత్రం ద్రోహులుగా మిగిలారు, గానెలాన్ ఖాళీని పూడ్చడానికన్నట్టు. ఆ పదిహేడు మంది ధైర్యానికి సాక్ష్యం హ్యూరన్ల నోటి నుంచే వచ్చిందన్న మాట అందులో వినిపించదు.

అడవి అంచున ‘సారసెన్’ (రోలాండ్ గీతంలోని ముస్లిం శత్రువు) వేషం కట్టిన ఇరోక్వాలకు, వాళ్ళ మాటల్లో హొడెనొషోనీలకు, తమదైన గాథ అప్పటికే ఉంది. ఒంటారియో సరస్సు ఉత్తర తీరాన, హ్యూరన్ల మధ్య పుట్టిన శాంతికర్త తెల్లరాతి పడవలో సరస్సు దాటి వస్తాడు. గౌరవం కొద్దీ వాళ్ళు ఆయన అసలు పేరు పలకరు. కూతుళ్ళను పోగొట్టుకుని పిచ్చివాడైన హయవాతాను ఓదారుస్తాడు. జుట్టులో పాములున్న అతొతార్హోను వాళ్ళిద్దరూ చంపరు; పాములు దువ్వి తీసి, అయిదు జాతుల సభకు పెద్దగా కూర్చోబెడతారు. ఒంటారియోలోని గ్రాండ్ నది ఒడ్డున ఆ జాతుల పెద్దలు ఆ ధర్మాన్ని ఇప్పటికీ వల్లిస్తున్నారు. అదే జనం లాంగ్ సో దగ్గర యుద్ధం చేశారన్నదీ, పోయినవాళ్ళ స్థానం నింపడానికి బందీలను పట్టుకెళ్ళారన్నదీ నిజమే. ఏ గాథా తన జనాన్ని పూర్తిగా లొంగదీసుకోలేదు. కానీ అద్భుతం ఎక్కడ వాలాలన్న ప్రశ్నకు వాళ్ళ జవాబు వేరు. ఫ్రెంచి కవి ఆకాశాన్ని చచ్చినవాడి దగ్గరికి దించాడు, వీళ్ళు శత్రువు తల మీదికి దించారు. రోలాండ్ గీతం చివరి ఘట్టం వాళ్ళ చెవికి అర్థమయ్యేదే అనుకుంటాను. అంతా ముగిసి షార్లమేన్ పడుకోగానే గబ్రియేలు వచ్చి ఇంకో యుద్ధానికి వెళ్ళమంటాడు, ముసలి రాజుకు వెళ్ళాలని లేదు, బతుకు ఎంత భారమని ఏడుస్తూ గడ్డం పీక్కుంటాడు. కవి అతణ్ని మందలించడు, అవిశ్వాసి అని అనడు. యుద్ధాన్ని పొగడడానికి పుట్టిన కావ్యం దేవుడి ఆజ్ఞ విని ఏడ్చే హక్కును కూడా విశ్వాసం లోపలే ఉంచింది, గ్రూ తన డొలార్‌కు ఆ హక్కు ఇవ్వలేదు.